రాయడం నేర్పే పుస్తకాలు, నేర్చుకునే హక్కు

కథ రాయడం ఎట్లా నేర్చుకోవాలి, అందుకు ఏ పుస్తకాలు చదవాలి అని అడిగే స్త్రీలకు మన సాహిత్య సభల్లో తరచుగా దొరికే జవాబు ఒకటుంది. పుస్తకాలెందుకమ్మా, నీ జీవితమే పెద్ద పుస్తకం, పడ్డ కష్టాన్ని పడ్డట్టు నీ భాషలో రాయి, అదే కథ అయిపోతుంది అంటారు. వినడానికి ఈ మాట ఎంతో ఆదరంగా ఉంటుంది. అదే ప్రశ్న కొత్తగా రాస్తున్న కుర్రవాడు అడిగితే మాత్రం వల్లంపాటి ‘కథాశిల్పం’ చదివావా, చెహోవ్‌ని చదివావా, కొడవటిగంటిని చదివావా అని ఆరా తీస్తారు. ఒకరికి పుస్తకాల జాబితా, ఇంకొకరికి దీవెన. ఈ తేడా ఎక్కడినుంచి వచ్చింది, ఇందులోని న్యాయాన్యాయాలేమిటి అన్నది ఆలోచించాల్సిన విషయం.

ఈ ప్రశ్నను గాలిలో కాకుండా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఊళ్లను ఎదురుగా పెట్టుకుని చర్చించాలనుకుంటున్నాను. పాత కరీంనగర్ జిల్లాలోని ఈ ఊళ్లు 2016 అక్టోబరులో జరిగిన విభజన తర్వాత జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లోకి వచ్చాయి. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన జైత్రయాత్ర మొదలుకుని సిరిసిల్ల నేత కార్మికుల ఆత్మహత్యల దాకా ఈ నేల మీద కథలూ పాటలూ చాలా వచ్చాయి. ఇక్కడ వేల ఇళ్లలో ఆడవాళ్లు బీడీలు చుడతారు. సిరిసిల్లలో బీడీలతో పాటు కండెలూ చుడతారు. వీళ్ల గురించి రాసినవాళ్లున్నారు. వీళ్లే తమ గురించి, లేదా తమకు నచ్చిన మరో విషయం గురించి రాయాలనుకుంటే చేతికి ఏ పుస్తకం ఇస్తాం? అసలు ఇవ్వాలనుకుంటామా?

‘నీకు పుస్తకాలెందుకు’ అన్న మాటకు మన సాహిత్యంలో పాత చరిత్ర ఉంది. ఆతుకూరి మొల్ల తన రామాయణం పీఠికలో తనకు నిఘంటువులు తెలియవనీ, వ్యాకరణం, ఛందస్సు, అలంకారాలు నేర్వలేదనీ, శ్రీకంఠ మల్లేశుని దయ వల్లనే కవిత్వం చెబుతున్నాననీ చెప్పుకుంది. తెలియదన్న ఆ మాటను కూడా ఆమె ఛందస్సు తప్పని పద్యంలోనే చెప్పింది. వినయం ప్రకటించుకోవడం కవుల ఆచారమే. అయితే మగకవి వినయాన్ని వినయంగా తీసుకున్న సాహిత్య చరిత్ర, మొల్ల వినయాన్ని మాత్రం అక్షరాలా నిజమని తీసుకుంది. పోతననూ సహజ పండితుడన్నారు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కానీ ఆ బిరుదులో పాండిత్యం అలాగే ఉంది. చదువు చెప్పించుకోకుండానే పండితుడైనాడని దాని అర్థం. మొల్ల దగ్గరికి వచ్చేసరికి పాండిత్యం జారిపోయి దైవకృప ఒక్కటే మిగిలింది. కుమ్మరి ఇంటి ఆడది ఛందస్సు ఎక్కడ, ఎవరి దగ్గర, ఎంత శ్రమపడి నేర్చుకుందన్న ప్రశ్నే మనం వేసుకోలేదు. శ్రమను చూడకపోతే దానికి విలువ కట్టాల్సిన పని ఉండదు. ఇంటి చాకిరీ విషయంలో జరిగిందే ఇక్కడా జరిగింది.

సిరిసిల్ల దగ్గరి హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి బడి చదువు ఉర్దూ మాధ్యమంలో సాగింది. ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆధునికాంధ్ర కవిత్వంలోని సంప్రదాయాల మీద, ప్రయోగాల మీద పరిశోధన చేశారు. 1988 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం అందుకున్నారు. పల్లెలో చెవిన పడ్డ పాట, కథ ఆయనకు పెట్టుబడి అయ్యాయి. అదే పాట ఆ ఊరి ఆడపిల్లల చెవినా పడింది. నిజానికి ఆ పాటల్లో చాలా భాగం వాళ్ల నోటిదే. కానీ సిరిసిల్లకు, కరీంనగర్‌కు, హైదరాబాదుకు చదువు కోసం పోయే తొవ్వ వాళ్లకు లేదు. ప్రతిభ ఒక్కటే చాలదనీ, దానికి చదువూ సాధనా కలవాలనీ మగవాళ్ల జీవితాలే రుజువు చేస్తుంటే, ఆడవాళ్లకు మాత్రం అనుభవం ఒక్కటే చాలునని చెప్పడం ఏ లెక్కన న్యాయం?

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. అనుభవం చాలునన్న మాటను ఒప్పుకుంటే శ్రామిక స్త్రీ రాసినదంతా సాక్ష్యంగా మిగులుతుంది, సాహిత్యంగా నిలబడదు. బీడీ చుట్టే మనిషి రాస్తే అందులో కూలి ఎంత, దగ్గు ఎంత అని వెతుకుతారు. కథ ఎక్కడ మొదలుపెట్టింది, ఏం చెప్పకుండా వదిలింది అని చూడరు. ఆమె ఊహించగలదని, అబద్ధమాడినట్టు కథ అల్లగలదని, రాజుల కథో దయ్యాల కథో రాయాలని ఆమెకు అనిపించవచ్చని మనకు తోచదు. ఆమె జీవితాన్ని గౌరవిస్తున్నామనుకుంటూ ఆమె కల్పనాశక్తిని కాదంటున్నాం.

కాబట్టి శిల్పం నేర్పే పుస్తకాలు కావాలి. తెలుగులో అవి తక్కువే అయినా లేకపోలేదు. వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘నవలాశిల్పం’, ‘కథాశిల్పం’ చాలామందికి పాఠ్యపుస్తకాల్లా పనికొచ్చాయి. ‘కథాశిల్పా’నికి 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మదనపల్లెలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన అధ్యాపకుడు తాను చదివిన ప్రపంచ సాహిత్య విమర్శను తెలుగు కథల పక్కన పెట్టి చూపించాడు. ఇలాంటి పుస్తకాలు ఏమిస్తాయి? ముందుగా కొన్ని మాటలిస్తాయి. దృష్టికోణం అన్న మాటనే తీసుకుందాం. సిరిసిల్లలో ఒక మరమగ్గాల కార్మికుడు అప్పులు తీర్చలేక ప్రాణం తీసుకున్నాడనుకుందాం. వార్తలో అతని పేరు, వయసు, అప్పు ఉంటాయి. భార్య చివరి వాక్యంలో ఏడుస్తూ కనిపిస్తుంది. కథ రాసేవాళ్లు కూడా చాలాసార్లు అదే దారిలో నడుస్తారు. ఆ అప్పు ఇచ్చినవాళ్లకు మర్నాడు జవాబు చెప్పాల్సింది ఆమె. కండెలు చుట్టి, బీడీలు చుట్టి అప్పటిదాకా ఇంటిని నెట్టుకొచ్చిందీ ఆమె. కథను ఆమె కళ్లతో చూస్తే మొదలు మారుతుంది, ముగింపు మారుతుంది, అసలు ఆ చావు కథకు మధ్యలోకి వచ్చేస్తుంది. ఎవరి కళ్లతో చూడాలన్నది శిల్పానికి సంబంధించిన నిర్ణయం. అదే సమయంలో అది నైతిక నిర్ణయం కూడా. ఆ నిర్ణయానికి ఒక పేరుందని, దాన్ని మార్చుకోవచ్చని తెలిసిన రచయిత్రికీ, తెలియని రచయిత్రికీ తేడా ఉంటుంది.

అయితే శిల్పం పుస్తకాలు నిష్పక్షపాతమైన పనిముట్లేమీ కావు. కథ అంటే ఏమిటో కూడా అవే తేల్చి చెబుతాయి. 1927లో వచ్చిన ఇ. ఎం. ఫోర్‌స్టర్ ‘ఆస్పెక్ట్స్ ఆఫ్ ది నావెల్’ ఇందుకు మంచి ఉదాహరణ. రాజు చావు తర్వాత రాణి చావు వస్తే అది ఉత్త వరుసక్రమమనీ, రాజు పోయిన దిగులే ఆమె చావుకు కారణమైతే అది ఇతివృత్తమనీ ఆయన వివరించాడు. కార్యకారణ సంబంధాన్ని ఇంత తేలిగ్గా నేర్పే ఉదాహరణ మరొకటి లేదని తరతరాలుగా పాఠాల్లో చెబుతూ వచ్చారు. ఇందులో రాజు చావుకు కారణం చెప్పనక్కర లేకపోయింది, అది తనంత తానే సంఘటన. రాణి చావుకు మాత్రం రాజు కావాలి. ఫోర్‌స్టర్ దురుద్దేశంతో రాశాడని కాదు. వ్యాకరణంలా కనిపించే చోట కూడా పితృస్వామ్యం ఎంత మామూలుగా కూర్చుంటుందో గమనించమనే అడుగుతున్నాను.

సంఘర్షణ, మలుపు, కొసమెరుపు అని ఈ పుస్తకాలు చెప్పే సూత్రాలను కోరుట్ల ఇంట్లో పెట్టి చూడండి. తునికాకు తడపడం, కొలతకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, కట్టలు కట్టి కార్ఖానాకు మోసుకుపోవడం, అక్కడ బాగాలేవని తీసేసినవి తీసేయగా మిగిలినవాటికి లెక్క రాయించుకోవడం. మర్నాడు మళ్లీ ఇదే. వెయ్యి బీడీల్లో ఏ బీడీ మలుపు? సూత్రం ప్రకారం ఇక్కడ ఏమీ జరగలేదు, కాబట్టి కథ లేదు. ఏమీ జరగకపోవడమే ఇరవై ఏళ్లపాటు జరిగిన జీవితాన్ని ఎట్లా రాయాలో ఆ సూత్రం చెప్పదు.

అట్లాంటప్పుడు పుస్తకాన్ని పారేయాలా? పారేయనక్కర లేదు, ఇంకో పుస్తకం వెతుక్కోవాలి. అమెరికన్ రచయిత్రి అర్సులా కె. లెగ్విన్ 1986లో కథ గురించి ఒక వ్యాసం రాసింది. మనిషి మొదటి పనిముట్టు ఈటె కాకపోవచ్చు, ఏరుకున్న గింజలు ఇంటికి తెచ్చుకునే సంచి అయి ఉండవచ్చు అన్న ఆలోచనను తీసుకుని, కథ కూడా వేటగాడి ఈటెలా సూటిగా పోయి గుచ్చుకోవాలన్న నియమం లేదనీ, రకరకాల వస్తువులను ఒకదానితో ఒకటి సంబంధం పెట్టి ఉంచే సంచిలా ఉండవచ్చనీ వాదించింది. 1998లో ఆమె ‘స్టీరింగ్ ది క్రాఫ్ట్’ పేరుతో అభ్యాసాలతో సహా రచనా పాఠాల పుస్తకం కూడా వేసింది. సంచి అన్న పోలిక మన ఆడవాళ్లకు కొత్తది కాదు. ఒళ్లోని చాట అటువంటిదే. బతుకమ్మ అటువంటిదే. తంగేడు, గునుగు వరుస మీద వరుసగా పేర్చుకుంటూ పోతారు. పాట కూడా ప్రతి చరణానికీ అదే పల్లవికి తిరిగొస్తూ, చుట్టూ తిరుగుతూ, ప్రతి చుట్టుకూ కొంత కలుపుకుంటూ పోతుంది. అందులో మలుపు లేకపోవచ్చు, పెరుగుదల ఉంది. పునరావృత్తి విసుగు పుట్టించకుండా ఎట్లా సాగాలో ఈ ప్రాంతపు ఆడవాళ్లకు పాటలో తెలుసు. దాన్ని వచనంలోకి తెచ్చుకోవడమే కొత్తగా చేయాల్సిన పని. ఆ పనికి లెగ్విన్ వ్యాసం లాంటిది తెలుగులో చేతికందితే, తమకు తెలిసినదానికి కూడా శిల్పమనే పేరుంటుందన్న ధైర్యం వస్తుంది. పుస్తకం చేయగల పెద్ద మేలు అదే అనుకుంటాను.

రచయితలకు శిల్పగ్రంథాల కంటే ఎక్కువ పనికొచ్చేవి పదకోశాలు. ఈ విషయంలో తెలుగువాళ్లం అదృష్టవంతులమే. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వేసిన ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదటి సంపుటం వ్యవసాయం మీద 1962లో, రెండోది చేనేత మీద 1971లో వచ్చాయి. పండితుల గ్రంథాల నుంచి కాకుండా పని చేసే మనుషుల నోటి నుంచి మాటలు సేకరించి, ఏ మాట ఏ జిల్లాలో వాడుకలో ఉందో చెప్పిన పుస్తకాలివి. ఆ తర్వాత 2003లో నలిమెల భాస్కర్ ‘తెలంగాణ పదకోశం’ వచ్చింది. ఆయనది ఇప్పటి రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఎల్లారెడ్డిపేట మండలం. అప్పటిదాకా యాస అని, తురక మాటలు కలిసిన తెలుగు అని వెక్కిరింతకు గురైన మాటలు అకారాది క్రమంలో గౌరవంగా కూర్చున్నాయి. తన ఇంట్లో మాట్లాడే మాట నిఘంటువులో అచ్చయి కనిపించడం రాసే మనిషికి ఎంత బలమో తెలంగాణ వాళ్లకు వేరే చెప్పనక్కర లేదు.

కానీ ఇక్కడా ఆగి ఆలోచించాల్సినవి ఉన్నాయి. 1971 నాటి సంపుటం చేనేతది. సిరిసిల్ల ఆ తర్వాత మరమగ్గాల ఊరైంది. ఇక్కడివాళ్లు షోలాపూర్, భివండి పోయి పనిచేసి తిరిగొచ్చారు. మగ్గం పోయి సాంచా వచ్చింది, పనిచేయించేవాడు ఆసామి అయ్యాడు. మాటలు పని వెంట మారతాయి. బీడీ అయితే వ్యవసాయం కిందికీ రాదు, చేనేత కిందికీ రాదు. ఏది వృత్తి, ఏది ఖాళీ సమయంలో చేసుకునే చిల్లర పని అన్న విభజనలోనే ఆడవాళ్ల పని పక్కకు పోయే ప్రమాదముంది. 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లను కూడా కార్మికులేనని గుర్తించింది. ఆ గుర్తింపు మాటల లోకంలోకి కూడా రావాలి. ఆకు తడిసిందీ లేనిదీ వేలితో చూసి చెప్పేటప్పుడు వాడే మాట, చుట్టు వదులైనప్పుడు తిట్టుకునే మాట, కార్ఖానాలో లెక్క తగ్గించినప్పుడు బయటికొచ్చి అనుకునే మాట – ఇవన్నీ ఎవరు రాసిపెట్టాలి? ఆ పని చేసేవాళ్లే రాసిపెట్టుకుంటే అది రేపటి రచయిత్రులకు పదకోశమవుతుంది.

పదకోశంలో మాట పక్కన జిల్లా ఉంటుంది, మనిషి ఉండదు. అది పదకోశపు స్వభావం, తప్పుపట్టలేం. కానీ కథకులం దాన్ని వాడుకునేటప్పుడు ఒక బాధ్యత మీద పడుతుంది. కథకుడి వాక్యాలన్నీ ప్రామాణిక భాషలో నడుస్తూ, బీడీ కార్మికురాలు నోరు తెరిచినప్పుడు మాత్రమే కోరుట్ల మాట వినిపించే కథలు మనకు కొల్లలు. అక్కడ మాండలికం రంగు మాత్రమే, ఆలోచించే అధికారం వేరే భాషది. ఆమె మాట్లాడగలదు కానీ వివరించలేదు, బాధపడగలదు కానీ విశ్లేషించలేదు అని ఆ కథ నిర్మాణమే చెబుతుంది. మాటను తీసుకుని, ఆ మాటతో ఆలోచించే హక్కును తీసుకోనివ్వకపోవడం పచ్చి అన్యాయం. పదకోశం చూసి రాసేవాళ్లు దీన్ని తమను తాము అడుగుకోవాలి.

ఇక్కడ నాకు మేలైన ఆకర గ్రంథంగా కనిపించేది శిల్పం గురించి రాసిన పుస్తకం కాదు. స్త్రీ శక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ కథలు తామే చెప్పుకున్న పుస్తకం అది. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం లాంటివాళ్లు అందులో పేర్లతో ఉన్నారు. చరిత్ర కోసం ఆ పుస్తకాన్ని ఇప్పటికే చాలామంది చదివారు. రాయడం నేర్చుకునేవాళ్లు దాన్ని ఇంకో రకంగా చదవాలి. చెప్పే మనిషి ఎక్కడ మొదలుపెట్టింది, ముందుకు పోయి మళ్లీ ఎందుకు వెనక్కి వచ్చింది, పోరాటం గురించి అడిగితే కాన్పు గురించి ఎందుకు చెప్పింది, ఎక్కడ మౌనంగా ఉండిపోయింది అని గమనిస్తే నోటి కథనానికి ఉన్న కట్టుబాటు అర్థమవుతుంది. విన్నవాళ్లు మాటతో పాటు మనిషి పేరునూ నిలిపారన్నది అందులోని అతి ముఖ్యమైన పాఠం. ఎవరి మాట తీసుకున్నామో చెప్పడం, తీసుకున్నది వాళ్లకు తిరిగి వినిపించడం, వద్దంటే ఆగడం – ఇవి రచనా మర్యాదలు. అన్వేషణ, పరిశీలన, సంభాషణ అని అధ్యాయాలు రాసే శిల్పగ్రంథాలు ఈ మర్యాదల మీద కూడా ఒక అధ్యాయం రాయాలి.

పుస్తకాలు చదివి రాస్తే అందరి కథలూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయన్న అభ్యంతరం ఉంది. అది అబద్ధం కాదు. కానీ ఒకే పుస్తకం చదివితే అట్లా జరుగుతుంది. అచ్చు ఎక్కడుందో తెలిసినవాళ్లే దాన్ని పగలగొట్టగలరు. తెలియనివాళ్లు తమకు తెలియకుండానే సినిమా నుంచో, సీరియల్ నుంచో అచ్చు తెచ్చుకుంటారు. సహజంగా రాయడమనేది ఎవరికీ లేదు. నేర్చుకున్నది మర్చిపోయేంతగా సాధన చేసినవాళ్లది సహజంగా కనిపిస్తుంది, అంతే. బిగుతుగా కాక, వదులుగా కాక బీడీ చుట్టడం ఎన్ని రోజులకు పట్టుబడిందో అడిగితే ఆ ఇళ్లలో ఎవరైనా చెబుతారు.

చివరికి మిగిలేది చదువుకునే చోటు, సమయం. వర్జీనియా వుల్ఫ్ 1929లో స్త్రీ రాయాలంటే సొంత గది, సొంత డబ్బు ఉండాలంది. ఆ పుస్తకంలోనే, తోడుగా కళాశాల పెద్దమనిషో పరిచయపత్రమో లేని స్త్రీని గ్రంథాలయం గుమ్మంలోనే ఆపేసే ఘట్టం ఉంది. కోరుట్లలో గది ఉన్నా ఆ గదే కార్ఖానా. గ్రంథాలయం తలుపు దగ్గర ఎవరూ ఆపరు. కానీ అది తెరిచి ఉండే వేళకు ఒళ్లో చాట ఉంటుంది. ఇక్కడ ఒక చిన్న లెక్క గుర్తు చేయాలి. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా వసూలు చేస్తారు. అది రూపాయికి 8 పైసలు. బీడీలు చుట్టి ఇంటిపన్ను కట్టే ఆడమనిషి ఆ పైసలూ కడుతూనే ఉంది. చదవని పుస్తకాలకు ఏళ్లతరబడి ధర చెల్లిస్తూనే ఉంది.

అందుకని ఆమె అడిగినప్పుడు జాబితా ఇవ్వడం మన ఔదార్యం కాదు. ఒక శిల్పగ్రంథం, ఒక పదకోశం, పేరున్న స్త్రీలు చెప్పుకున్న కథలు, వీటికి తోడు ఈ పుస్తకాలు ఎక్కడ తప్పుతాయో చెప్పే నాలుగు మాటలు – ఇవి ఆమెకు రావాల్సినవి. ఆ పుస్తకాలు పని అయిపోయాక పొద్దుగూకిన వేళ దొరికే ఏర్పాటు కూడా ఆమెకు రావాల్సిందే. వాటిని చదివి ఆమె ఏం రాస్తుందో మనం ముందే నిర్ణయించకూడదు. బీడీల గురించి రాయవచ్చు, రాయకపోవచ్చు.